కాఫీ అయిపోయాక కూడా కూర్చునేవారు

కాఫీ ఎంత నిదానంగా తాగినా పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. స్టీలు గ్లాసులో పొగలు కక్కుతూ వచ్చే ఫిల్టర్ కాఫీకైతే ఆపాటి సమయం కూడా పట్టదు. అలాంటప్పుడు కాఫీ షాపులో ఒక బల్ల దగ్గర కూర్చున్న మనిషి గంటన్నర తరవాత కూడా అక్కడే ఉన్నాడంటే, మిగిలిన కాలానికి కాఫీ కారణం కాదని, అతన్ని అక్కడ పట్టి ఉంచుతున్నది మరేదో ఉందని అనుకోవలసి వస్తుంది. అదే షాపులో అదే కాఫీ తాగి, బిల్లు కట్టేసి, హమ్మయ్య అనుకుంటూ బయటపడే మనుషులూ ఉంటారు. వారికి కాఫీ మీద కోపమేమీ లేదు, అక్కడ కూర్చోవడమే కిట్టదు. ఈ తేడాను ఎవరి అలవాటు వారిదని తేల్చేయడం సులువే గాని, మనస్తత్వశాస్త్రంలోను, శబ్దం మీద జరిగిన పరిశోధనల్లోను, జీవరసాయనంలోను విడివిడిగా పోగుపడిన ప్రయోగఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ ఇష్టాయిష్టాలు మనిషి స్వభావంలోనే పుట్టుకతో రాసి ఉన్నవి కావని, మనిషికీ గదికీ అతడు చేస్తున్న పనికీ మధ్య కుదిరే లేదా కుదరని పొత్తు మీద అవి ఆధారపడతాయని తెలుస్తుంది. ఒకే మనిషి ఒక షాపులో రెండు గంటలు మైమరచి కూర్చుని, పక్క వీధి షాపులో పావుగంట కూడా నిలవలేకపోవడానికి కారణం ఇదే.

కాఫీ దుకాణాల చరిత్రలో మొదటినుంచీ పాలకులను కలవరపెట్టింది కూడా పానీయం కన్నా దాని చుట్టూ చేరి కూర్చున్న మనుషులే. 1511లో మక్కాలో మమ్లూకు అధికారి ఖాయిర్ బేగ్ కాఫీని నిషేధించినప్పుడు అది ఆరోగ్యానికి హానికరమని వైద్యుల చేత చెప్పించినా, అతని అసలు అనుమానం రాత్రిపూట గుంపులుగా చేరేవారి మీదనే. కైరోలోని పై ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో ఆ నిషేధం నిలవలేదు. ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ 1675 డిసెంబరు 29న కాఫీ హౌసులను మూసివేయాలని ప్రకటన జారీచేసి, ఊరంతా గగ్గోలెత్తడంతో 1676 జనవరి 8న, అది ఇంకా అమలులోకి రాకముందే, వెనక్కు తీసుకున్నాడు. మన దేశంలో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయడానికి పూనుకున్నప్పుడు ఏ.కె. గోపాలన్ నాయకత్వంలో కార్మికులే సహకార సంఘాలుగా ఏర్పడి 1957 నుంచి ఇండియన్ కాఫీ హౌసులను నడుపుకుంటూ వచ్చారు. హైదరాబాదులో ఇరాన్ నుంచి వలస వచ్చినవారు పెట్టిన హోటళ్లలో పాలరాతి బల్లల చుట్టూ సాగిన బాతాఖానీలు చాయ్ చల్లారినా చల్లారేవి కావు. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్‌ అయితే రచయితలకూ చిత్రకారులకూ అడ్డాగా పేరుపడింది. అంతకు ముందు నుంచీ ఊళ్లలో రచ్చబండ, ఇళ్ల ముందు వీధి అరుగు చేస్తూ వచ్చిన పనిని ఈ హోటళ్లు డబ్బు పుచ్చుకుని చేశాయనవచ్చు. ఇల్లు మొదటి తావు, పనిచేసే చోటు రెండవ తావు అయితే, ఈ రెండూ కాని ఇలాంటి కూడలి స్థలాలకు అమెరికన్ సమాజశాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ప్రచురించిన గ్రంథంలో ‘మూడవ తావు’ అని పేరుపెట్టాడు. అయితే ఈ పేరు అక్కడ కూర్చునేవారిని వర్ణిస్తుందే గాని, లేచి వెళ్లిపోయేవారి సంగతి చెప్పదు.

వెళ్లిపోయేవారి సంగతి తెలియాలంటే మెదడు మేలుకుని ఉండే తీరు దగ్గర మొదలుపెట్టాలి. నిద్రమత్తుకూ తీవ్రమైన ఉద్వేగానికీ నడుమ మెదడు ఏ మేరకు చురుగ్గా ఉన్నదో తెలిపే కొలతను ఉత్తేజ స్థాయి అంటారు. ఈ స్థాయికీ పని సామర్థ్యానికీ ఉన్న సంబంధం సరళరేఖలా ఉండదని 1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో మొదట బయటపడింది: తేలికైన పనిని నేర్చుకునేటప్పుడు విద్యుత్తు షాకు బలం పెరిగేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకోగా, కష్టమైన పనిలో మాత్రం ఒక మధ్యస్థ బిందువు దాటాక వాటి నేర్పు తగ్గిపోయింది. జర్మనీలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన మనస్తత్వవేత్త హాన్స్ ఐసెంక్ 1967లో ఈ ఆలోచనను మనుషుల స్వభావానికి ముడివేస్తూ, అంతర్ముఖుల మెదడు సహజంగానే ఎక్కువ ఉత్తేజ స్థాయిలో ఉంటుందని, అందువల్ల వారికి కొద్దిపాటి సందడే ఎక్కువైపోతుందని, బహిర్ముఖుల మెదడు తక్కువ స్థాయిలో ఉండటం వల్ల వారు ఆ లోటును బయటి సందడితో పూరించుకుంటారని సిద్ధాంతీకరించాడు. ఇక్కడ అంతర్ముఖులంటే బిడియస్తులని అర్థం కాదు; బాహ్య ప్రేరణలు తక్కువగా ఉన్నప్పుడు హాయిగా ఉండేవారని మాత్రమే. ఐసెంక్ ఊహించిన నాడీ యంత్రాంగానికి తరవాతి కాలపు కొలతలు పూర్తిగా మద్దతు పలకలేదు గాని, ఆ సిద్ధాంతం ఆధారంగా రసెల్ గీన్ 1984లో ప్రచురించిన ప్రయోగం మాత్రం కాఫీ షాపు సమస్యకు చాలా దగ్గరగా వస్తుంది.

గీన్ తన ప్రయోగంలో పాల్గొన్నవారికి ఒక అభ్యసన పని ఇచ్చి, ఆ సమయంలో చెవిలో వినిపించే శబ్దం ఎంత బిగ్గరగా ఉండాలో వారినే ఎంచుకోమన్నాడు. బహిర్ముఖులు సగటున 72 డెసిబెళ్ల వద్ద, అంతర్ముఖులు 55 డెసిబెళ్ల వద్ద శబ్దాన్ని నిలుపుకున్నారు. తాము ఎంచుకున్న శబ్దంలో పనిచేసినప్పుడు రెండు వర్గాలవారి గుండె వేగమూ పని నాణ్యతా దాదాపు ఒకేలా ఉన్నాయి. ఒకరి శబ్దాన్ని మరొకరికి తగిలించినప్పుడు మాత్రం ఇరువురూ తడబడ్డారు. అంటే నిశ్శబ్దం మంచిదని గాని, సందడి మంచిదని గాని చెప్పడానికి వీలులేదు. ఎవరి కొలత వారికుంది, ఆ కొలతకు సరిపడిన చోట అందరూ ఒకేపాటి సమర్థులు. డెసిబెల్ అనేది రెట్లను బట్టి పెరిగే కొలమానం గనక, పది డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి పది రెట్లవుతుందని, చెవికి అది సుమారు రెండింతల గట్టిగా తోస్తుందని గుర్తుంచుకుంటే, 55కూ 72కూ మధ్య ఉన్న దూరం అంకెల్లో కనిపించినంత చిన్నది కాదని అర్థమవుతుంది.

సాధారణంగా రద్దీగా ఉన్న కాఫీ షాపు సందడి సుమారు 70 డెసిబెళ్ల దరిదాపుల్లో ఉంటుందన్న భావన ప్రచారం పొందడానికి 2012లో రవి మెహతా, రూయీ ఝూ, అమర్ చీమా అనే ముగ్గురు పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఒక ముఖ్య కారణం. ఫలహారశాల, రోడ్డు, దూరాన జరిగే నిర్మాణ పనుల శబ్దాలను కలిపి 50, 70, 85 డెసిబెళ్ల వద్ద వినిపిస్తూ వారు సృజనాత్మకతను పరీక్షించగా, మధ్యస్థమైన 70 వద్ద ఫలితాలు మెరుగ్గా వచ్చాయి. కొద్దిపాటి శబ్దం ఆలోచనను వివరాల నుంచి కాస్త పక్కకు నెట్టి, విస్తృతంగా ఊహించేలా చేస్తుందని వారు వివరించారు. పత్రికలు దీన్ని కాఫీ షాపులో కూర్చుంటే కొత్త ఆలోచనలు వస్తాయన్న సూత్రంగా మార్చేశాయి. కాఫీ షాపు సవ్వడిని ఇంట్లోనే వినిపించే యాప్‌లు కూడా వచ్చాయి. ఇంత ఉత్సాహానికి ఆధారం చాలదు. 2019లో ఎమ్మా థ్రెడ్‌గోల్డ్, జాన్ మార్ష్ తదితరులు పదాల మధ్య సంబంధాలను కనిపెట్టే ఇలాంటి పరీక్షనే పెట్టి చూసినప్పుడు నేపథ్య సంగీతం, దానిలో మాటలున్నా లేకున్నా, సామర్థ్యాన్ని తగ్గించింది. గ్రంథాలయపు సవ్వడి మాత్రం నిశ్శబ్దంతో సమానంగానే ఉండి, మేలు గాని కీడు గాని చేయలేదు.

శబ్దం ఎంత అన్నదానికన్నా శబ్దం ఏమిటి అన్నదే ఎక్కువ ముఖ్యమని ఈ రంగంలోని పరిశోధనలు మొత్తంమీద సూచిస్తున్నాయి. ఫ్యాను హోరు, వాన చప్పుడు లాగా మార్పు లేకుండా సాగే ధ్వనిని మెదడు కొద్దిసేపట్లోనే పక్కన పెట్టేస్తుంది. క్షణక్షణం మారుతూ పోయే మాటల ధ్వనిని అలా పక్కన పెట్టలేదు. అక్షరాల వరుసను గుర్తుంచుకోమన్నప్పుడు పక్కన వినిపించే మాటలు జ్ఞాపకాన్ని చెదరగొడతాయని, ఆ మాటలు వినేవారికి తెలియని భాషలో ఉన్నా ఆ నష్టం తప్పదని 1976లోనే కోల్, వెల్ష్ చూపించారు. తెలియని భాష వినిపించే విదేశీ కాఫీ షాపులో తెలుగువారికి ఏకాగ్రత దానంతట అదే కుదురుతుందనుకోవడం అందువల్ల సగమే నిజం: ధ్వని చేసే చెరుపు అక్కడా ఉంటుంది, అర్థం చేసే చెరుపు మాత్రమే తప్పుతుంది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు నాలుగూ చెవిన పడగానే అర్థమైపోయే హైదరాబాదీకి సొంత ఊళ్లో ఆ కాస్త మినహాయింపు కూడా దొరకదు. అన్నిటికన్నా చిరాకు పెట్టేది ఫోనులో మాట్లాడే మనిషి. 2010లో లారెన్ ఎంబర్‌సన్ బృందం చేసిన ప్రయోగంలో ఇద్దరి సంభాషణ మొత్తం వినిపించినప్పటి కన్నా ఒక వైపు మాటలే వినిపించినప్పుడు, శ్రద్ధ పెట్టి చేయవలసిన పనుల్లో తప్పులు పెరిగాయి. వినబడని సగాన్ని ఊహించి పూరించే పనిని మెదడు, ఎవరూ అడగకుండానే, తన నెత్తిన వేసుకోవడం దీనికి కారణమని వారు భావించారు.

అయితే పక్క బల్ల మాటలు అందరి చెవినీ ఒకే తీరున పట్టవు. ఒక చెవిలో వినిపించే మాటలను అనుసరిస్తూ రెండో చెవిలోని మాటలను వదిలేయమన్న ప్రయోగాల్లో, వదిలేయవలసిన చెవిలో తమ పేరు వినిపిస్తే సుమారు మూడోవంతు మంది గమనించారని 1959లో నెవిల్ మోరే కనుగొన్నాడు. ఆ మూడోవంతు ఎవరన్న ప్రశ్నకు జవాబు 2001 దాకా ఆగవలసి వచ్చింది. చేస్తున్న పనికి కావలసిన సమాచారాన్ని కొన్ని క్షణాల పాటు మనసులో పట్టి ఉంచి, అక్కరలేనిదాన్ని తోసిపుచ్చే శక్తిని వర్కింగ్ మెమరీ అంటారు. ఈ శక్తి తక్కువగా ఉన్నవారిలో 65 శాతం మంది, ఎక్కువగా ఉన్నవారిలో 20 శాతం మంది తమ పేరును గమనించారని ఆండ్రూ కాన్వే, నెల్సన్ కోవన్, మైకేల్ బంటింగ్ తేల్చారు. పుస్తకం తెరిచి కూర్చున్న ఇద్దరిలో ఒకరికి చుట్టూ ఉన్న మాటలు గాలిలో కలిసిపోయి, రెండో వారికి ప్రతి మాటా చెవిలో పడుతూ ఉండటం ఊహ కాదని దీనివల్ల తెలుస్తుంది. శబ్దం పట్ల సున్నితత్వం అనేది మనిషికీ మనిషికీ మారే ఒక స్థిరమైన లక్షణమని నీల్ వైన్‌స్టైన్ 1978లో ఒక ప్రశ్నావళి ద్వారా నిరూపించాడు. నమలడం, జుర్రడం వంటి ప్రత్యేక చప్పుళ్లు వినగానే కోపమూ ఏవగింపూ ముంచుకొచ్చే స్థితికి 2001 నుంచి మిసోఫోనియా అనే పేరు వాడుకలో ఉంది. వేడి కాఫీని జుర్రుమనిపించడం మర్యాదకు లోపం కాని చోట ఈ స్థితి ఉన్నవారి అవస్థ చెప్పనలవి కాదు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ కూడా ఉంది: ఏకాగ్రత నిలవని ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు హోరులాంటి ఏకరీతి శబ్దం వినిపించినప్పుడు వారి జ్ఞాపకశక్తి మెరుగుపడగా, ఆ లక్షణం లేని పిల్లలకు అదే హోరు అడ్డమైందని 2007లో స్వీడన్ పరిశోధకుడు యోరాన్ సోడర్‌లుండ్ బృందం ప్రచురించింది.

గది నిర్మాణం ఈ తేడాలను మరింత పెంచుతుంది. చుట్టూ చప్పుడు పెరిగితే మనుషులు తమకు తెలియకుండానే గొంతు పెంచుతారని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లోంబార్ 1911లో వెల్లడించాడు. గాజు తలుపులు, నున్నటి పలకల నేల, పరదాలు లేని గోడలు ధ్వనిని పీల్చుకోకుండా తిప్పికొడతాయి గనక, అలాంటి గదిలో ఒక బల్ల గొంతు పెంచితే పక్క బల్లా పెంచుతుంది, దాన్ని మించి మూడోది పెంచుతుంది. పావుగంటలో అందరూ అరుచుకుంటూ ఉంటారు, ఎవరూ అరుస్తున్నామని అనుకోరు. ఇప్పటి కాఫీ షాపుల అలంకరణలో బండరాయి, ఇనుము, గాజు ఫ్యాషన్ కావడం శబ్దానికి జడిసేవారిని గుమ్మంలోంచే వెనక్కు పంపుతోందనడం అతిశయోక్తి కాదు.

చెవుల తరవాత చెప్పుకోవలసినది కళ్ల సంగతి, అంటే పరాయివారి చూపు మోపే బరువు. ఇతరుల సమక్షం మనిషి ఉత్తేజ స్థాయిని పెంచుతుందని, దాని వల్ల బాగా అలవాటైన పనులు మెరుగుపడి, కొత్తవీ జటిలమైనవీ చెడతాయని రాబర్ట్ జాయంట్స్ 1965లో ప్రతిపాదించి, ఇది ఆలోచనాశక్తితో నిమిత్తం లేని మూల లక్షణమని చూపడానికి 1969లో ఏకంగా బొద్దింకల మీద ప్రయోగం చేశాడు. వెలుతురు నుంచి తప్పించుకుని పారిపోయే బొద్దింకకు, పారదర్శకమైన పెట్టెల్లోంచి ఇతర బొద్దింకలు ప్రేక్షకులుగా ఉన్నప్పుడు, తిన్నని దారిలో వేగం పెరిగింది. మలుపు తిరగవలసిన దారిలో మందగించింది. కాఫీ షాపులో కూర్చుని ఈమెయిళ్లకు జవాబులు చకచకా పంపగలిగిన మనిషే అదే బల్ల మీద కొత్త గణిత సమస్య ముందు చతికిలపడటానికి ఈ ప్రయోగం ఒక సమాధానం ఇస్తుంది. మంచీ చెడూ నిర్ణయించేది షాపు కాదు, చేతిలోని పని.

ఒంటరిగా కూర్చోవడానికి జంకేవారిలో ఈ చూపుల బరువు ఇంకో రూపం ధరిస్తుంది. తమను అందరూ గమనిస్తున్నారని మనుషులు ఉన్నదానికన్నా ఎక్కువగా ఊహించుకుంటారని 2000లో థామస్ గిలోవిచ్ బృందం నిరూపించింది: సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని గదిలోకి వెళ్లిన విద్యార్థులు దాన్ని సుమారు సగం మంది గమనించి ఉంటారని అంచనా వేయగా, నిజానికి గమనించినవారు పాతిక శాతం లోపే. 2015లో రెబెకా రాట్నర్, రెబెకా హామిల్టన్ ప్రచురించిన పరిశోధన ప్రకారం, వినోదం కోసం ఒంటరిగా బయటికి వెళ్లడానికి మనుషులు వెనకాడటానికి కారణం తమకు స్నేహితులు లేరని చూసేవారు అనుకుంటారన్న భయమే. తీరా వెళ్లాక వారు అనుభవించిన ఆనందం తోడుతో వెళ్లినవారి ఆనందానికి తీసిపోలేదు. ఏదో పనిమీద ఉన్నట్టు కనిపించే వీలుంటే ఈ సంకోచం తగ్గుతుందని కూడా వారు గమనించారు. తెరిచి పెట్టిన ల్యాప్‌టాప్‌లలో కొన్నయినా పని కోసం కాక ఈ సంకోచాన్ని కప్పిపుచ్చుకోవడం కోసమే తెరిచినవని అనుకుంటే తప్పుపట్టవలసిన పని లేదు.

కూర్చుండిపోయేవారికి మాత్రం ఈ పరాయి చూపులు బరువుగా కాక వెచ్చదనంగా తోస్తాయి. నగరవాసులు ఒకరి ఉనికిని ఒకరు క్షణమాత్రపు చూపుతో గుర్తించి, వెంటనే చూపు తిప్పుకుని, ఎదుటివారిని వారి మానాన వదిలేసే పద్ధతిని ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో ‘పౌర అలక్ష్యం’ అనదగిన భావనతో వర్ణించాడు. నలుగురిలో ఉన్నామన్న నిబ్బరం, ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదన్న స్వేచ్ఛ రెండూ ఏకకాలంలో దొరికేది అలాంటి చోటే. దానికి తోడు ముఖపరిచయం మాత్రమే ఉన్నవారితో జరిగే రెండు మాటల పలకరింపుకు కూడా విలువ ఉంది: 2014లో జిలియన్ సాండ్‌స్ట్రమ్, ఎలిజబెత్ డన్ ఒక కాఫీ షాపులోనే జరిపిన ప్రయోగంలో, కాఫీ ఇచ్చే మనిషి కళ్లలోకి చూసి నవ్వి నాలుగు మాటలు మాట్లాడినవారు, గబగబా పని ముగించుకున్నవారి కన్నా ఆ తరవాత ఎక్కువ ఉల్లాసంగా, తమవాళ్ల మధ్య ఉన్నట్టుగా భావించారు. రోజూ వచ్చేవారిని చూడగానే ‘పౌనా’ అని కేక వేసి, పాలు ఎక్కువ పోసిన చాయ్‌ని అడగకముందే బల్ల మీద పెట్టే ఇరానీ హోటల్ సర్వరుకు ఈ పరిశోధనతో పని లేకపోవచ్చు.

ఎక్కడ కూర్చున్నారన్నది ఎంతసేపు కూర్చుంటారన్నదాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. వెనక రక్షణ, ముందు విశాలమైన దృశ్యం ఉన్న చోటును మనిషి సహజంగా కోరుకుంటాడని భూగోళశాస్త్రవేత్త జే ఆపిల్టన్ 1975లో ప్రతిపాదించాడు. కాఫీ షాపులో గోడవారగా, కిటికీ పక్కన, మూలన ఉన్న బల్లలు ముందు నిండిపోయి, మధ్యలో నాలుగు వైపులా తెరుచుకున్న బల్ల చివరిదాకా ఖాళీగా మిగలడం అందరికీ తెలిసినదే. ఆ మధ్య బల్లే దక్కిన మనిషికి కాఫీ షాపులంటే ఇష్టం లేదని తేల్చడం అన్యాయం. నాన్సీ ఫెలీపె, రాబర్ట్ సోమర్ 1966లో ప్రచురించిన అధ్యయనంలో గ్రంథాలయంలో ఒంటరిగా చదువుకుంటున్నవారి పక్కకు కుర్చీ జరుపుకుని అతి దగ్గరగా ఒక అపరిచితురాలు కూర్చోగా, అరగంటలో 70 శాతం మంది లేచి వెళ్లిపోయారు. ఎవరూ కదిలించనివారిలో అలా వెళ్లినవారు 13 శాతమే. వెళ్లినవారిలో దాదాపు ఎవరూ నోరు తెరిచి అభ్యంతరం చెప్పలేదన్నది గమనించదగ్గ విషయం. మనిషి అక్కడ ఉండలేకపోవడానికి కారణం అతని మాటల్లో బయటపడదు, కుర్చీ ఖాళీ కావడంలో బయటపడుతుంది. యజమానులకు ఈ సంగతులు శాస్త్రం చెప్పకముందే తెలుసు. నెమ్మదైన సంగీతం వినిపించినప్పుడు భోజనానికి వచ్చినవారు సగటున 56 నిమిషాలు, వేగమైన సంగీతం వినిపించినప్పుడు 45 నిమిషాలు కూర్చున్నారని రొనాల్డ్ మిల్లిమన్ 1986లో కొలిచి చెప్పాడు. అద్దె ఎక్కువైన కూడలిలో, నిలబడి తాగే ఎత్తు బల్లలు వేసిన టిఫిన్ సెంటరు యజమాని అదే లెక్కను కుర్చీ అసలే వేయకుండా సాధిస్తున్నాడు.

ఇంతవరకు చెప్పినదంతా కూర్చునే అవకాశం అందరికీ సమానంగా ఉందన్న ఊహ మీద నిలబడినది, ఆ ఊహ తెలుగు నేల మీద చాలాకాలం చెల్లలేదు. దళితులకు వేరే గ్లాసు పెట్టి, వారు దాన్ని తామే కడిగి పెట్టాలని శాసించి, బల్ల మీద కాక బయట కూర్చోబెట్టిన రెండు గ్లాసుల పద్ధతి ఊరి టీ కొట్లలో పాతుకుపోయి ఉండేది. దుకాణాలు, హోటళ్లలోకి ప్రవేశాన్ని కులమతాల పేర నిరాకరించరాదని రాజ్యాంగం 15వ అధికరణం రెండవ ఖండం 1950 నుంచీ స్పష్టంగా చెబుతున్నా, ఆ ఆచారం రాతతోనే చెరిగిపోలేదు. తాతల కాలంలో నిలబడి తాగి వెళ్లవలసి వచ్చిన కుటుంబంలో హోటల్లో తీరిగ్గా కూర్చోవడం పట్ల సంకోచం మిగిలి ఉంటే దాన్ని అంతర్ముఖత్వమని కొలిచే ప్రశ్నావళి పొరబడినట్టే. ఆడవారి విషయమూ అలాంటిదే. ముంబయి నగరాన్ని పరిశీలించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో వెలువరించిన ‘వై లాయిటర్?’ అనే గ్రంథం, మగవారు పనీపాటా లేకుండా వీధిలో నిలబడగలరని, ఆడవారు మాత్రం బయట కనిపించినప్పుడల్లా ఏదో పనిమీద ఉన్నట్టు చూపించుకోక తప్పదని వాదించింది. అద్దాల తలుపులు, ఏసీ, ఖరీదైన బిల్లు ఉన్న కాఫీ షాపు గొలుసులు 1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో కెఫే కాఫీ డే తెరిచినప్పటి నుంచి దేశమంతా వ్యాపించినప్పుడు, మధ్యతరగతి యువతులకు అవి రుచి కన్నా ముందు ఈ వీలును అమ్మాయి: ఒక కప్పు కాఫీ కాదు, ఎవరూ ప్రశ్నించని ఒక గంట.

సంస్కృతి వేసే ముద్రను కొలవడానికి కాఫీ షాపులనే ప్రయోగశాలలుగా వాడుకున్న అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. థామస్ టాల్‌హెల్మ్ బృందం చైనా నగరాల్లోని స్టార్‌బక్స్, తదితర కాఫీ షాపుల్లో కూర్చున్న దాదాపు తొమ్మిది వేల మందిని లెక్కించగా, తరతరాలుగా గోధుమ పండించిన ఉత్తరాదిలో ఒంటరిగా కూర్చునేవారు ఎక్కువగా, వరి పండించిన దక్షిణాదిలో తక్కువగా కనిపించారు. అంతటితో ఆగక, దారికి అడ్డంగా రెండు కుర్చీలను దగ్గరగా జరిపి చూస్తే, ఉత్తరాదిలో సుమారు 16 శాతం మంది కుర్చీని జరుపుకుని వెళ్లగా, దక్షిణాదిలో 6 శాతమే ఆ పని చేశారు. తక్కినవారు ఒళ్లు కుదించుకుని సందులోంచి దూరి వెళ్లారు. కాలువ నీటిని పంచుకుంటూ, నాట్లకూ కోతలకూ ఒకరికొకరు సాయపడుతూ బతికిన వరి సమాజాల్లో పరిసరాలకు తామే సర్దుకుపోయే అలవాటు బలపడిందని టాల్‌హెల్మ్ వాదన. గోదావరి, కృష్ణా డెల్టాల పాఠకులకు ఇది వెంటనే నచ్చేలా ఉన్నా, వరి ఒక్కటే ఇంత పని చేయగలదా అన్న సందేహం ఉంచుకోవడం మంచిది.

ఇక మిగిలింది కాఫీయే. కూర్చోవడంలో దాని పాత్ర స్వల్పమని మొదట్లో చెప్పుకున్నా, లేచిపోవడంలో దాని పాత్ర అంత స్వల్పం కాదు. మెదడులో రోజంతా పోగుపడుతూ నిద్రమత్తును కలిగించే అడెనోసిన్ అనే పదార్థం, నాడీకణాల మీద దానికోసం ఉండే గ్రాహకాలకు అతుక్కుని పనిచేస్తుంది. ఆకారంలో దాన్ని పోలిన కెఫీన్ ఆ గ్రాహకాలను ముందే ఆక్రమించి, అడెనోసిన్‌కు చోటివ్వకుండా చేస్తుంది. తాగిన ముప్పావు గంటలోపు కెఫీన్ దాదాపు మొత్తం రక్తంలో చేరుతుంది; అంటే అది బాగా పనిచేయడం మొదలయ్యేది కాఫీ అయిపోయాక, మనిషి ఇంకా అదే కుర్చీలో ఉన్నప్పుడు. దాన్ని విరిచేసే పని ప్రధానంగా కాలేయంలోని సీవైపీ1ఏ2 అనే ఎంజైముది. రక్తంలో కెఫీన్ సగానికి తగ్గడానికి పట్టే కాలం సగటున ఐదు గంటలే అయినా, ఆరోగ్యవంతుల్లోనే అది గంటన్నర నుంచి తొమ్మిది గంటల దాకా మారుతుంది. పొగతాగే అలవాటు దాన్ని తగ్గిస్తుంది, గర్భనిరోధక మాత్రలు ఇంచుమించు రెట్టింపు చేస్తాయి, గర్భం చివరి నెలల్లో అది ఇంకా పెరుగుతుంది. దీనికి తోడు, అడెనోసిన్ గ్రాహకాల్లో ఒక రకాన్ని తయారుచేసే అడోరా2ఏ జన్యువులోని ఒక తేడా ఉన్నవారికి, 150 మిల్లీగ్రాముల కెఫీన్‌తోనే, అంటే సుమారు ఒకటిన్నర లేక రెండు కప్పుల కాఫీతోనే, ఆందోళన కలుగుతుందని 2003లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది.

ఆందోళన పుట్టిన మనిషి దానికి కారణాన్ని ఎక్కడ వెతుకుతాడన్నది వేరే ప్రశ్న. స్టాన్లీ షాక్టర్, జెరోమ్ సింగర్ 1962లో కొందరికి విటమిన్ అని చెప్పి అడ్రినలిన్ ఎక్కించి, పక్కన ఒకరిని ఉల్లాసంగానో కోపంగానో నటింపజేసినప్పుడు, తమ ఒంట్లో కలిగిన కలవరానికి అసలు కారణం తెలియనివారు దాన్ని చుట్టూ ఉన్న పరిస్థితిని బట్టి సంతోషమనో కోపమనో అర్థం చేసుకున్నారు. ఈ ఫలితం తరవాతి ప్రయోగాల్లో అంత గట్టిగా మళ్లీ రాలేదు గాని, ఒంట్లోని కలవరానికి మనసు బయట కారణం వెతుక్కునే ధోరణి ఉందన్నంత మేరకు అది నిలిచింది. దాని ప్రకారం ఆలోచిస్తే, కాఫీ తాగిన అరగంటకు అరచేతులు చెమర్చి, గోల భరించలేనట్టుగా, పక్క బల్లవాళ్లు తననే చూస్తున్నట్టుగా అనిపించి లేచిపోయే మనిషి, తనకు కాఫీ షాపులు పడవని ఇంటికి వెళ్లి చెప్పుకోవచ్చు. అదే మూల, అదే సందడి, అదే కుర్చీలో కూర్చుని బాదం పాలు తెప్పించుకుని ఉంటే ఎంతసేపు కూర్చునేవాడో అతనికి తెలిసే అవకాశం రాదు, ఎందుకంటే కాఫీ షాపుకు వెళ్లి బాదం పాలు అడగడం అతనికి నామోషీ.